బాంబరు విమానంలోని మనుషులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట బాంబుల ప్రసక్తి ఏమిటని పెద్దలు అనుకోవచ్చు. మా చదువు మెట్రిక్ వరకే, మా ఉద్యోగం రైల్వే గుమాస్తాగిరి. పండిత ప్రసంగం మావల్ల అయ్యే పని కాదు. బడా బజారులో మా ఇంట్లో ఏటేటా ఉగాది పచ్చడి కలుపుతూ మా నాయనమ్మ చెప్పే సంగతి ఒకటున్నది. అదే తమకు విన్నవించుకుంటున్నాము.

1942లో చిత్రభాను ఉగాది వెళ్ళి మూడు వారాలు నిండలేదు. ఏప్రిల్ 6వ తేదీన జపాను వారి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన బాంబర్లు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. నాయనమ్మకు అప్పుడు పదేళ్ళు. విశాఖలో తమ పెరటి నూతి దగ్గర నిలబడి తల పైకెత్తి చూసిందట. "అద్దాల గూట్లో మనిషి తల కనిపించిందిరా నాయనా, మనలాంటి తలకాయే!" అనేది. మర్నాడు వాల్తేరు స్టేషనులో కాలు పెట్టే చోటు లేదట. ఇంటి తాళంచెవి పక్కింటివారి చేతిలో పెట్టి, మరచెంబునిండా నీళ్ళు పట్టుకుని, బంధువులున్న బరంపురానికి రైలెక్కారు. ఆ మరచెంబు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నది. మూత మాత్రం తిరగదు.

ఆ తల ఎవరిదై ఉంటుంది? ఆ జాతి విమానంలో ముగ్గురు కూర్చునేవారు. ముందు నడిపేవాడు, నడుమ దారి చూసి గురి చెప్పేవాడు, వెనుక వైర్‌లెస్సూ మరతుపాకీ చూసుకునేవాడు. నాయనమ్మ చూసినది ఆ వెనుకవాడినే అని మా ఊహ. ర్యూజో నౌక ఆ ఏడే ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల దెబ్బకు మునిగిపోయింది. ఈ సంగతి మేము చదివి చెప్పినప్పుడు నాయనమ్మ సంతోషిస్తుందనుకున్నాము. "అయ్యో, వాళ్ళ అమ్మలకు కబురు ఎవరు చెప్పారో" అన్నది.

తరువాత ఇటువైపు నుంచీ బాంబర్లు లేచాయి. బెంగాలులోని సాల్బని, దిగ్రీ మైదానాల నుంచి లిబరేటర్లనే నాలుగు ఇంజన్ల విమానాలు బంగాళాఖాతం దాటి బర్మా వెళ్ళేవి. వాటి గురి సయాం–బర్మా రైలు దారి వంతెనల మీద కూడా ఉండేది. ఆ దారి వేయించినది జపాను వారు. వేసినది యుద్ధ ఖైదీలూ, మలయా తోటల నుంచి తరలించుకుపోయిన కూలీలూ. ఆ కూలీల్లో తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. దారి పక్క శిబిరాల మీద పడిన బాంబులకు ఖైదీలు కూడా చనిపోయారు. పైనున్న కుర్రాళ్ళకు కనిపించినది వంతెన మాత్రమే. రైల్వే వాళ్ళం గనుక ఈ ఘట్టం చదివినప్పుడు మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కుర్రాళ్ళ సంగతీ చెప్పాలి. మనం హౌరా వెళ్ళేటప్పుడు బాలేశ్వరం దాటాక అమర్దా రోడ్ అనే చిన్న స్టేషను వస్తుంది. చాలా బండ్లు అక్కడ ఆగవు. ఆ పేరుతోనే మయూర్‌భంజ్‌లో ఒక విమాన మైదానం ఉండేది. 1945 జులై చివరి వారంలో ఆరు లిబరేటర్లు వరుస కట్టి ఎగరడం అభ్యాసం చేస్తుండగా రెండు ఢీకొని 14 మంది చనిపోయారు. శత్రువు లేడు, తుపాకీ పేలలేదు. మూడు వారాలు తిరగకముందే జపాను లొంగిపోయింది.

నాయనమ్మ పోయి మూడేళ్ళయింది. పక్కింటివారికిచ్చిన తాళంచెవి ఏమైందో, ఆ ఇల్లు ఎవరి పాలయిందో, అడుగుదాములే అనుకుంటూ మేము అడగనే లేదు. ఆనాడు విశాఖ నుంచీ, కాకినాడ నుంచీ రైలెక్కి వచ్చిన కుటుంబాలు ఈ సభలో ఉండవచ్చు. మీ ఇళ్ళలో పెద్దలెవరైనా ఉంటే మాకు కబురు చేయండి. ఆదివారం డ్యూటీ లేనప్పుడు మేమే కాగితం, కలం పట్టుకుని వస్తాము.