మేఘంలో దారి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకరోజు సైన్సు మాస్టారు నా కళ్ళకు గంతలు కట్టి, ఈ మైదానంలోనే తిన్నగా నడవమన్నారు. తిన్నగానే నడుస్తున్నాననుకున్నాను. గంతలు విప్పేసరికి ప్రహరీ గోడ దగ్గర ఉన్నాను. అందరూ నవ్వారు. విమాన పరికరాల ఇంజనీరునయ్యాక ఆ పాఠం విలువ తెలిసింది.

మేఘంలో చిక్కిన పైలట్‌కూ అంతే. నేలా ఆకాశం కలిసే గీత కనబడదు. మనం మలుపు తిరుగుతున్న సంగతి చెప్పేది చెవి లోపలి ద్రవం. మలుపు ఒకే తీరుగా కొంతసేపు సాగితే ఆ ద్రవం కుదురుకుంటుంది. తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. అప్పుడు ఒంటిని కాదు, ఎదురుగా ఉన్న పరికరాలను నమ్మాలి. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటే ఇదే.

2020 జనవరి 26న అమెరికాలో బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. అందులో పరికరాలున్నాయి, పైలట్‌కు వాటితో ఎగిరే అర్హతా ఉంది. కానీ ఆ సంస్థకు కంటిచూపు మీద నడపడానికే అనుమతి. పైకి వెళ్తున్నానని కంట్రోలర్‌కు చెబుతూనే ఆయన కిందికి దిగిపోయాడు. పరికరం ఉంటే చాలదు. సంస్థ అనుమతి, నిత్య సాధన, ముందే గీసిన సురక్షితమైన దారి కూడా ఉండాలి.

సముద్రంలోని చమురు వేదికలకు వెళ్ళే హెలికాప్టర్లు ఇద్దరు పైలట్లతో, ఆటోపైలట్‌తో, రాడార్‌తో ఇలా ఎగరడం ఎప్పటినుంచో ఉంది. నేల మీద మాత్రం ఇలా దిగాలంటే రేడియో పరికరాలున్న విమానాశ్రయం కావాల్సి వచ్చేది. ఉపగ్రహాలు ఆ లోటు తీరుస్తున్నాయి. 2023 జూన్ 1న మన గగన్ వ్యవస్థ సాయంతో ముంబయిలోని జుహూ నుంచి పుణెకు హెలికాప్టర్ నడిపి చూపారు. ఇలాంటి దారులు పెరగాలి. అయినా రెక్కలపై మంచు పేరుకునే మేఘాలు, ఇరుకు కొండలోయలు ఇప్పటికీ ప్రమాదమే.

2009 సెప్టెంబరు 2 మనం మరిచిపోలేం. నల్లమలలో వాతావరణం బాగాలేని ఆ రోజు ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారిని, మరో నలుగురిని పోగొట్టుకున్నాం. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్న హెలికాప్టరే అది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒకసారి నేను చమురు వేదికకు వెళ్ళాల్సి ఉండగా, వాతావరణం బాగాలేదని పైలట్ ప్రయాణం ఆపేశాడు. ఇంజనీరునై ఉండీ అతని మీద విసుక్కున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ప్రయాణికుడి తొందర కూడా పైలట్ మీద బరువే.

మనలో చాలామంది కేదార్‌నాథ్ వెళ్తుంటారు. పైలట్ "ఈరోజు వద్దండీ" అంటే, ఓ నమస్కారం పెట్టి వెనక్కి రండి. ఆ మాట అనగలిగినవాడే మంచి పైలట్.

గంతలు కట్టి ఈ పాఠం నేర్పిన మాస్టారికి పాదాభివందనం.