కారాగారమున చదువు – విడుదల పిమ్మట బ్రతుకుతెరువు



మీ ఊరినుండి ఒకడు జైలునకు పోయినయెడల ఆ సంగతి ఆ దినముననే మీకు తెలియును. ఎన్నియేండ్లకు తిరిగివచ్చునో కూడ తెలియును. కాని ఆ నడిమి కాలమున అతడు అచ్చట ఏమి నేర్చెనో, నేర్చినదానితో మీ వీధిలో ఎట్లు బ్రతుకదలచెనో విచారించువారు అరుదు. నేను ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పిమ్మట ఆరేండ్లు ఒక కేంద్రకారాగారమున వయోజనులకు చదువు చెప్పితిని. ఆ అనుభవమును బట్టి కొన్ని మాటలు మనవి చేసెదను.

జైలులో చదువేమిటని నవ్వువారు కలరు. అచ్చటికి పోకమునుపు నేనును నవ్వినవాడనే. కాని ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1919లో నాటి ప్రభుత్వమువారు సర్ అలెగ్జాండరు కార్డ్యూ అధ్యక్షతన జైళ్ల స్థితిని విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. ఖైదీని భయపెట్టుట మాత్రమే చాలదు, అతనిని సంస్కరింపవలెనని ఆ సంఘము తన నివేదికలో వ్రాసెను. మఱల 1980వ సంవత్సరమున ఏర్పడిన ముల్లా సంఘమును ఆ మార్గముననే నడచినది. నేడు డాక్టర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము జైళ్లలో అధ్యయన కేంద్రములు నడపుచున్నవి. తెలంగాణ జైళ్లలో విద్యాదానమను పేర వేలిముద్రవారికి అక్షరములు నేర్పిరి. పట్టభద్రులై వెలికి వచ్చినవారును కలరు.

ఇక లోపలనున్నవారెవరు? 2022వ సంవత్సరాంతమున దేశమందలి జైళ్లలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది, అనగా నలుగురిలో ముగ్గురు, విచారణ ముగియనివారు. నేరము చేసిరో లేదో ఇంకను తేలనివారన్నమాట. కఠినశిక్ష పడినవానికి పని విధిగా నుండును. విచారణలో నున్నవానిని పని చేయుమని నిర్బంధింపరాదు. కావున వృత్తివిద్య యంతయు శిక్షపడినవారి కొఱకే ఏర్పడినట్లున్నది. తక్కినవారికి జామీను ఎన్నడు వచ్చునో తెలియదు. వచ్చిన పూట పలక అక్కడనే విడిచి పోవుదురు. నా తరగతిలో గుణింతము సగములో ఆగిపోయినవారు చాలమంది. వారు పోయినందులకు సంతోషింపవలెనో, పాఠము చెడినందులకు విచారింపవలెనో నాకు తోచెడిది కాదు.

వారిలో ఒకని కథ చెప్పెదను. పేరు చెప్పను. పొలము గట్టు తగాదాలో కఱ్ఱ యెత్తినవాడు. దెబ్బతిన్న మనుష్యుడు మూడవనాడు మరణించెను. ఇతనికి ఏడేండ్ల కఠినశిక్ష పడినది. చచ్చినవాని భార్యాబిడ్డలను మఱచి ఇతనిపై జాలిపడుడని చెప్పుటకు నేను రాలేదు. ఖైదీలకు న్యాయమైన కూలి ఈయవలెననియు, అందు కొంతభాగము బాధితులకు చెందునట్లు శాసనము చేయవలెననియు 1998లో సుప్రీముకోర్టువారు చెప్పియున్నారు. ఆ మాట నాకు న్యాయముగా తోచినది.

అతడు చదువునకు వచ్చిన కారణము విచిత్రమైనది. ఇంటినుండి వచ్చిన ఉత్తరములను తోటిఖైదీ ఒకడు చదివి పెట్టెడివాడు. అందుకు ప్రతిఫలముగా బీడీలు. ఒకనాడు ఆ చదువరితో పోట్లాట వచ్చి, తానే నేర్చుకొందునని పలక పట్టెను. పది మాసములకు కూడబలుకుకొని చదువు శక్తి వచ్చినది. అప్పుడు మూటలోని పాత ఉత్తరములను తీసి, ఒక్కొక్కటి మొదటినుండి చదువసాగెను. రెండేండ్ల క్రిందటి యుత్తరములో, చేను కౌలుకిచ్చితిమనియు, కౌలుదారు ఎవరో కాదు తనతో తగాదా పడిన కుటుంబపు బంధువే యనియు వ్రాసియుండెను. చదివి పెట్టినవాడు ఆ ముక్క దాచెను. కోపము వచ్చునని భయపడెనో, బీడీలు రావని భయపడెనో! మావాడు ఆ రాత్రి అన్నము తినలేదు. మఱునాడు తరగతికి వచ్చి, "మేష్టరుగారూ, నా తీర్పు నకలు కూడా చదవాలండీ" అనెను. తన తీర్పును తానే చదువుకొనుటకు మఱియొక సంవత్సరము పట్టినది.

తరువాత సార్వత్రిక పాఠశాల ద్వారా పదవతరగతి పరీక్షలో కృతార్థుడయ్యెను. వృత్తి యెన్నుకొనవలసి వచ్చినప్పుడు నేను జోక్యము కలుగజేసుకొంటిని. జైళ్లలో నేత, వడ్రంగము, కుట్టుపని, సబ్బు, ఫినాయిలు మున్నగు పనులు నేర్పుదురు. ఓరుగల్లు జైలులో నేసిన తివాచీలు ఒకకాలమున మిక్కిలి పేరుగన్నవి. ఆ జైలునే 2021లో పడగొట్టి, ఆ స్థలమున ఆసుపత్రి కట్ట నారంభించిరి. నా అభిప్రాయము వినుడు: జైలులో నేర్చిన వృత్తి జైలు గోడవఱకే పనికివచ్చునదైనచో అది కాలక్షేపమే. తివాచీ మగ్గము పల్లెలో ఎవరింట నున్నది? ఫినాయిలు ఎవరు కొందురు? అనంతపురము దాపున రెడ్డిపల్లెలో ఖైదీలు సేద్యము చేయు బహిరంగ కారాగారము కలదు. రైతుబిడ్డకు అది తగినది. మావానికి ఆ భాగ్యము లేదు. కాని బోరుమోటారులు కాలని పల్లె లేదు గదా! కాలిన మోటారులకు రాగితీగ చుట్టుపని నేర్చుకొమ్మంటిని. నేర్చెను. చేయి మంచిది.

విడుదలయైనప్పుడు అతనికి ఒక యోగ్యతాపత్రము నిచ్చిరి. దానిపై పెద్ద అక్షరములలో కారాగారము పేరు, క్రింద ముద్ర. మండలకేంద్రమున ఒక మోటారు దుకాణమునకు పోయి చూపగా, యజమాని ముద్రవంక చూచి, తరువాత కనబడుమనెనట. రెండవ దుకాణమునను అంతియే. మూడవ దుకాణమున పత్రము చూపక పని అడిగెను. ఎక్కడ నేర్చితివని వారడిగిరి. పట్నమునకు పోయి కావలివాని ఉద్యోగము కోరగా, పోలీసు విచారణ పత్రము తెమ్మనిరి. ఏడేండ్లలో సంపాదించిన ఒకే విద్య, దానిని చూపినను ముప్పు, దాచినను ముప్పు. స్వంత ఊరికి పోజాలక అత్తవారి ఊరు చేరి, ఆ పత్రమును పెట్టె అడుగున పెట్టెను.

నిర్బంధమందున్న బాలురకు ఇచ్చు పత్రములలో వారు నిర్బంధమందుండిరని ఏవిధముగను తెలియరాదని ఐక్యరాజ్యసమితి 1990లోనే నియమము చేసినది. పెద్దవారికి మాత్రము ఆ మర్యాద ఎందులకు కూడదో నాకు బోధపడదు.

చట్టపు సంగతులు కొన్ని మీకు తెలిసియుండుట మంచిది. 1958వ సంవత్సరపు ప్రొబేషను చట్టము క్రింద, న్యాయస్థానము మందలించిగాని మంచినడవడికకు పూచీ తీసికొనిగాని విడిచిపెట్టినవానికి, ఆ నేరనిర్ణయమువలన చట్టరీత్యా కలుగు అనర్హత అంటదు. బాలనేరస్థుల విషయమునను 2015వ సంవత్సరపు చట్టములో అట్టి రక్షణ కలదు. ఇక సర్కారు కొలువునకు దరఖాస్తు చేయువారు పాత కేసును దాచరాదు. దాచుటయే ఒక దోషమై కొలువు పోవచ్చును. నిజము చెప్పినవానికి కొలువు ఇచ్చి తీరవలెనని లేదు. కాని అతని విషయము ఆలోచింపవచ్చునని 2016లో సుప్రీముకోర్టువారు తేల్చిరి. మీ వద్దకు సలహాకు వచ్చిన కుఱ్ఱవానితో, ఎవరికి తెలియునులే, వ్రాయకుమని మాత్రము చెప్పకుడు.

మావాని కథ మిగిలియున్నది. ఆ యేడు వరి పొట్టకు వచ్చిన దినములలో ఆ గ్రామపు పూర్వపు సర్పంచిగారి మోటారు కాలినది. పట్నపు పనివారెవరును వారమువఱకు రామనిరి. పైరు వారమాగదు. గత్యంతరము లేక ఆయన ఇతనిని పిలిపించెను. ఔదార్యముచేత పిలువలేదు, ఆయనయే ఆ మాట నాతో అనెను. ఇతడు రెండు రాత్రులు కూర్చుండి తీగ చుట్టెను. నీరు పడెను. కూలి మాత్రము నెలదినములు మోటారు నిలిచిన పిమ్మట ఇచ్చెదననెను. నెల నిలిచినది, కూలి ఇచ్చెను. పిదప ఊరిలో నాలుగు మోటారులు వచ్చినవి, పొరుగూరినుండి ఆరు వచ్చినవి.

అంతటితో కథ ముగిసినచో ఎంత బాగుండెడిది! మఱుసటి వేసవిలో పొలములోని ట్రాన్సుఫార్మరు పగులగొట్టి ఎవరో రాగితీగ దొంగిలించిరి. రాగితీగతో పనిచేయువాడు, మీదుమిక్కిలి జైలునుండి వచ్చినవాడు; తెల్లవాఱకముందే జనము అతని గుమ్మము ముందు నిలిచిరి. అతని భార్య తలుపు వేసికొని లోపల ఏడ్చుచుండెను. సర్పంచిగారు వచ్చి, రాత్రి పన్నెండువఱకు ఇతడు తన బావిగట్టున మోటారు బిగించుచుండెననియు, పిమ్మట తన అరుగుమీదనే పండుకొనెననియు చెప్పిరి. తీగ కొన్న బిల్లులు కూడ ఇతడు దాచియుంచెను. ఏల దాచితివని తరువాత నేనడుగగా, "నాలాంటివాడికి బిల్లులే సాక్ష్యమండీ" అనెను. దొంగలు ఇరువదిదినములకు వేఱొకచోట పట్టుబడిరి. గుమ్మము ముందు నిలిచినవారిలో ఒక్కడు మాత్రము వచ్చి క్షమింపుమనెను.

ఆ పెద్దమనుష్యుడు ఆ రాత్రి వేఱొక ఊరికి పోయియున్నచో ఏమగునో నేను తలపజాలను. విడుదలైన ప్రతివాడును మంచివాడే యని చెప్పను. నా శిష్యులలో మఱల జైలునకు వచ్చినవారు కలరు. అమెరికా దేశములో జరిగిన అనేక పరిశోధనలను రాండ్ సంస్థవారు పరిశీలించి 2013లో ప్రకటించిన దేమనగా, జైలులో చదువుకొన్నవారు మఱల జైలు చేరుట చదువనివారికంటె నూటికి పదుమూడుగురి మేర తక్కువ. మిగిలినవారి సంగతి ఊరు చూడవలసినది. మొదటి పని ఎవరిత్తురు, మొదటి నింద వచ్చినప్పుడు ఎవరు విచారింతురు అను రెండు ప్రశ్నలకు జైలులో నేను జవాబు చెప్పలేకపోయితిని.

నాకిచ్చిన వ్యవధి ముగియుచున్నది. మావాడు ఇప్పుడొక చిన్న కొట్టు పెట్టదలచి, బ్యాంకు అప్పునకు యోగ్యతాపత్రము జతపఱుపవలసి వచ్చి నన్నడిగెను. జైలు ముద్ర లేని పత్రము మార్చి యిప్పింపుడని నేను సంబంధించిన కార్యాలయమునకు నాలుగు అర్జీలు వ్రాసితిని. జవాబు లేదు. ఐదవది నిన్న టపాలో వేసితిని.