ఎవరితో చెప్పుకోవాలి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) లెక్కన, భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పినవారు పెళ్ళయిన స్త్రీలలో తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. దేశం మొత్తం మీద, శారీరక, లైంగిక హింస అనుభవించిన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఈ అంకె చూసి మన ఆడవాళ్ళకు నోరు లేదని నిట్టూర్చడం పరిపాటి. అయితే ఆ 77 మందీ సర్వేకు వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పారు కదా! చెప్పకపోతే ఈ అంకె పుట్టేదే కాదు. ఆ ప్రశ్నలు ఇంటికి ఒక్క స్త్రీనే అడుగుతారు, అదీ ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు. నడుమ అత్తగారో ఆడబిడ్డో వచ్చి కూర్చుంటే ఆపేస్తారు. విన్న మనిషి మొగుణ్ణి నిలదీయదు, పెద్దమనుషులను పిలవదు, సర్దుకుపొమ్మని బోధించదు. ఇంట్లో ఆమె పాటించే మౌనం, వినేవాళ్ళను తూచి చూసి తీసుకున్న నిర్ణయమని నా వాదన.

దీనికి మొదటి అభ్యంతరం అదే సర్వేలో ఉంది. భర్త కొట్టడం ఏడు కారణాలలో ఏదో ఒకదానికి సబబేనని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 83 మందికి పైగా స్త్రీలు అన్నారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం ఆ ఏడింటిలోవే. మౌనం అర్ధాంగీకారమన్నది నిజమేగా అనవచ్చు. కాని చిన్ననాటి నుంచి విన్న కట్టుబాటును అప్పజెప్పడం వేరు, తన వీపు మీద పడ్డ దెబ్బకు తలూపడం వేరు. ఆ కట్టుబాటు అప్పజెప్పిన స్త్రీయే పోపుల డబ్బా అడుగున నోట్లు దాచవచ్చు, పొదుపు సంఘం పాసుపుస్తకం పక్కింట్లో పెట్టవచ్చు, పిల్లల సర్టిఫికెట్లు పుట్టింటికి చేరవేయవచ్చు, పక్క పిల్లల గదిలోకి మార్చుకోవచ్చు. పంచాయితీలో దీన్ని మొండితనమంటారు. (ఆ పంచాయితీలో కూర్చునేది ఎవరో చెప్పనక్కరలేదు.) 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలకు ధైర్యం ఆ ఏడే కొత్తగా పుట్టలేదు. రాత్రిబడిలో సారా మీద పాఠం చదువుతున్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళంతా అదే బాధ పడుతున్నవాళ్ళు. వినేవాళ్ళు దొరికారు, మాట బయటికొచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

మౌనాన్ని ఇలా వెనకేసుకొస్తే కొట్టేవాడికే మేలు కదా అన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. దాచిన నోట్లు ఎత్తిన చేతిని ఆపవు, ఒప్పుకుంటాను. అయితే నోరు విప్పే భారమంతా ఆమె మీదే ఎందుకుండాలి? 2005 గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, హింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణ అధికారికి తెలపవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. గోడ అవతల చప్పుడు విన్న పక్కింటివారికి ఈ సెక్షన్ గురించి చెప్పినవారెవరు? ఇక ఆమే గడప దాటి వస్తే మనం అడిగే తొలి ప్రశ్న, "ఇన్నేళ్ళూ ఏం చేశావమ్మా?" అని. తప్పుపట్టడానికి కాక నిజంగా తెలుసుకోవడానికే అడిగితే దానికి జవాబుంది. కౌన్సెలింగ్ పేరిట భర్తను పక్కన కూర్చోబెట్టకుండా అడగాలి. పాసుపుస్తకం పక్కింటికి ఏ నెలలో చేరింది, పక్క ఎప్పుడు మారింది, సర్టిఫికెట్లు ఎవరి చేత పంపింది అని ఒక్కొక్కటే రాసుకోవాలి. ఫిర్యాదు ఆలస్యమైందని రేపు అవతలి వకీలు వాదించినప్పుడు, ఆ తేదీలు కేసు కాగితాల్లో ఉంటాయి.