బచేలి నుండి ధాన్యకటకానికి ఏడు రోజులు



యాత్రాస్థలాలను సూచించమని కోరినప్పుడు మన సభ్యులు రాసి ఇచ్చిన పట్టికలలో నాగపూర్, సాంచి, బుద్ధగయ, అమరావతి, నాగార్జునకొండ అన్నీ ఉన్నవి. గనిలో షిఫ్టు పనిచేసేవారికి ఒకేసారి దొరికే సెలవు ఏడు రోజులకు మించదు. అన్నింటినీ చుట్టబోతే రైలు కిటికీ తప్ప మరేమీ చూడలేము. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ దీక్ష స్వీకరించిన నాగపూర్‌ను మరో ఊరికి తోకగా కలపరాదు; ఆ యాత్ర వేరుగా చేయవలసినది. ఈసారి తెలుగునేల మీది బౌద్ధక్షేత్రాలకే వెళదామని మా ప్రతిపాదన.

మనకు దారి సిద్ధంగానే ఉన్నది. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ ఓడరేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరందుల్ మార్గమే అది. వానకాలంలో అనంతగిరి ఘాటులో కొండచరియలు విరిగిపడతాయి. ఒక్కొక్కప్పుడు రైలు దంతెవాడ వరకే వచ్చి ఆగిపోతుంది. అందుచేత మహాపరినిర్వాణ దినం తరువాత, సంక్రాంతి రద్దీకి ముందు బయలుదేరడం మేలు.

రోజుల లెక్కలో శుక్రవారాన్ని గమనించాలి. పురావస్తు శాఖ మ్యూజియంలకూ, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకూ ఆనాడు సెలవు. గురువారం ఇక్కడ రైలెక్కితే శుక్రవారానికి విశాఖలో ఉంటాము. ఆ రోజు భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండ చూడవచ్చును. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఒకదానికి, బావుల వల్ల మరొకదానికి ఆ పేర్లు వచ్చినవి. వర్షావాసంలో భిక్షువులు ఎక్కడ ఉన్నారు, ఏ నీరు తాగారు అన్నది పిల్లలకు అక్కడ చూపి చెప్పవచ్చును. శనివారం ఉదయం అనకాపల్లి చేరువలోని శంకరం. సంఘారామమే శంకరమైనది. బొజ్జన్నకొండ ప్రక్కనే ఉన్న లింగాలకొండ మీద వరుసలు వరుసలుగా రాతిలో చెక్కినవి చిన్న స్తూపాలు. ఆకారాన్ని బట్టి జనం వాటిని లింగాలన్నారు. పేరును గురించి అక్కడివారితో వాదం పెట్టుకోనక్కరలేదు.

ఆదివారం విజయవాడ మీదుగా అమరావతి. ఇక్కడ ముందే ఒక మాట చెప్పవలసి ఉన్నది. పుస్తకాలలో చూసిన మహాచైత్యం అక్కడ లేదు. మిగిలినది పునాది, కొన్ని రాళ్లు, ఒక మ్యూజియం. 1797లో కాలిన్ మెకంజీ చూసిన తరువాత, 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన తరువాత శిల్పఫలకాలు మద్రాసుకు చేరినవి. వాటిలో నూటికి పైగా సముద్రం దాటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. మన కొండ రాయికి ముందే ఆ రాయి విదేశానికి పోయినది! అందుచేత అమరావతి చూసి వెనుదిరిగితే సగమే చూసినట్లు. ఆ రాత్రే చెన్నై రైలెక్కి సోమవారం ఎగ్మోర్ మ్యూజియంలో తక్కిన సగం చూడవలెను. అమరావతి శిల్పాల గది తెరచి ఉన్నదో లేదో ముందుగా విచారించుకోవాలి. ఇందుకోసం నాగార్జునకొండను వదులుకుంటున్నాము. మహాచైత్యానికి దానమిచ్చిన ఇక్ష్వాకు స్త్రీ చాంతిసిరి పేరు విన్నవారికి ఇది కష్టమే. కానీ ఆ కొండకు లాంచీ మీద వెళ్లాలి. రాకపోకలకు రెండు రోజులు కావాలి.

ఈ ప్రయాసంతా ఎందుకని మన యువకులు అడుగుతున్నారు. రాజులు కట్టించిన రాళ్లతో మనకేమి పని అంటున్నారు. రాజులు మాత్రమే కట్టించలేదు. అమరావతి బ్రాహ్మీ శాసనాలలో ఒకటి, నాగోపాధ్యాయుని కుమారుడైన విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధువులతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చాడని చెబుతున్నది. తోలుపనివాడు తన వృత్తిని దాచలేదు, చైత్యం మీదనే చెక్కించుకున్నాడు. ఆనాడు కులభేదమే లేదని ఈ ఒక్క శాసనంతో నిర్ణయించరాదు. చరిత్ర చెప్పేవారిగా అంత తొందర మాకు తగదు. కానీ ఆ ప్రాకారం లోపల అతని పేరుకు చోటు దొరికినది. ఈ మాటను బడిపుస్తకంలో చదివినప్పటికీ, ఆ కృష్ణాతీరాన నిలబడి పిల్లలకు చెప్పినప్పటికీ తేడా ఉంటుంది.

రక్షిత స్థలాలలో కొవ్వొత్తులు, అగరువత్తులు వెలిగించవద్దు. స్తూపం మీదికి ఎక్కి ఫోటోలు దిగవద్దు. త్రిశరణ, పంచశీలలు నెమ్మదిగా చెప్పుకుంటే చాలును. సోమవారం రాత్రి చెన్నైలో రైలెక్కితే మంగళవారం విశాఖ, బుధవారం బచేలి. బొజ్జన్నకొండకు మెట్లు ఎక్కవలెను. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పేరు ఇచ్చేటప్పుడే చెబితే, క్రింద వారితో ఉండడానికి ఇద్దరిని ఏర్పాటు చేస్తాము.