అరువదవ పడిలో ఆకాశ పాఠము



మన గ్రామములయందు పండుగ వచ్చినను, పెండ్లి తలపెట్టినను, విత్తనము చల్లవలసి వచ్చినను మొదట చేతికి వచ్చునది పంచాంగము. ఆ పంచాంగమునకు మూలమైన ఆకాశము మన తలపైననే యున్నది. దానివంక తలయెత్తి చూచువారు మనలో నెందఱు? ఈ ప్రశ్న ఇతరులను నిందించుటకు వేయుట లేదు. నన్ను నేనే అడుగుకొనుచున్నాను.

నేను బాల్యమున గురువుగారి సన్నిధిని కావ్యములతోపాటు కొంత జ్యోతిశ్శాస్త్రమును చదివితిని. అశ్విని మొదలు రేవతి వఱకు ఇరువదియేడు నక్షత్రముల పేర్లను, వాని అధిదేవతలను నిద్రలో లేపి యడిగినను చెప్పగలవాడను. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొంటిని. పిదప, సమీప పట్టణమందలి యొక కళాశాలలో ఖగోళశాస్త్ర ప్రవేశ పాఠములను సాయంకాలమున చెప్పుచున్నారనియు, వయోనియమము లేదనియు విని అందు చేరితిని. నిజము చెప్పవలెనన్న, నేర్చుకొనుటకు చేరలేదు. మన పూర్వులు చెప్పినదానిని వారొప్పుకొందురో లేదో పరీక్షించుటకు చేరితిని.

మొదటి వారముననే నా గర్వమునకు భంగము కలిగినది. అవి కార్తిక మాసపు తొలి దినములు. మా అధ్యాపకురాలు నా కుమార్తెకంటె వయస్సున చిన్నది. ఒకనాటి రాత్రి మమ్మందఱను మేడపైకి గొనిపోయి, నావంక తిరిగి, "అయ్యా, మీకు నక్షత్రములన్నియు కంఠస్థములు గదా! కృత్తిక యెక్కడ నున్నదో పిల్లలకు చూపింపుడు" అని గౌరవముతోనే యడిగెను. నేను తలయెత్తితిని. చుక్కలు లెక్కకు మించి కనబడినవి. వానిలో కృత్తిక యేదో తెలియలేదు. నా వెనుక నిలిచియున్న కళాశాల కావలివాడు, "అదుగోనండి, తూర్పున పిల్లలకోడి! అదే" అని చేయి చాచెను. బడి మెట్లెక్కని యతడెఱిగిన చుక్కను, దానిపై శ్లోకములు వల్లించిన నేనెఱుగను.

కొన్ని దినములకు పౌర్ణమి వచ్చినది. పూర్ణచంద్రుడు ఆ పిల్లలకోడి చెంతనే యుండెను. పున్నమినాటి చంద్రుడు కృత్తికను గూడుటచేతనే ఈ మాసమునకు కార్తికమను పేరు వచ్చినదని నేను చెప్పగా, ఆ యువకులు ఆశ్చర్యపడిరి. శాస్త్రవాక్యమును, కంటియెదుటి చుక్కయు ఒకచోట కలియుటను చూచిన ఆనందము నాకును అదియే మొదటిసారి.

పాఠములు క్రమముగా సాగినవి. ధ్రువనక్షత్రము దిక్చక్రమునకు ఎన్ని డిగ్రీల యెత్తున నుండునో, చూచువాని యూరి అక్షాంశమును ఇంచుమించు అంతియే యని చెప్పిరి. చాచిన చేతి పిడికిలి ఆకాశమున సుమారు 10 డిగ్రీలను కప్పును. కృష్ణాతీరమున మా యూరి అక్షాంశము పదునాఱున్నర డిగ్రీలు గావున, ఉత్తరమున పిడికిలిన్నర యెత్తున వెదకితిని. ధ్రువుడు అచ్చటనే యుండెను.

సూర్యకుటుంబపు కొలతలను వారొక చక్కని యుపాయముచే చెప్పిరి. సూర్యుని అడుగు వెడల్పుగల గుమ్మడికాయగా నెంచి రచ్చబండపై నుంచుడు. అప్పుడు మన భూమి 107 అడుగుల దూరమున నుండు పెద్ద ఆవగింజ. చంద్రుడు ఆ గింజకు మూడంగుళములకు కొంచెము మించిన యెడమున నుండు నలుసు. గురుగ్రహము సుమారు 560 అడుగుల దూరమున నుసిరికాయ. కడపటి గ్రహమైన నెప్ట్యూను ఊరి పొలిమేరలో, కిలోమీటరు దూరమున, చిన్న రేగుపండు. సమీపమందలి మఱియొక నక్షత్రమును చేరవలెనన్న ఇదే కొలతను 8,000 కిలోమీటర్లకు మించి నడువవలెను! ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వత్తును. అది నా తప్పిదమును గూర్చినది.

చాల యేండ్ల క్రిందట, సంక్రాంతి సెలవులకు ముందు, తొమ్మిదవ తరగతిలో పండుగ మహిమను బోధించుచు, "మకర సంక్రాంతినాడే సూర్యుడు దక్షిణము నుండి ఉత్తరమునకు మరలును; అదియే ఉత్తరాయణారంభము" అని చెప్పితిని. ఒక రైతు బిడ్డ లేచి, "మాస్టరుగారూ, డిసెంబరు 22 నాటికే మరలునని భూగోళ పుస్తకములో నున్నది. మా యింటి గోడ నీడ కూడ పండుగకు ముందే తగ్గుచున్నది. ఏది నిజమండి?" అని యడిగెను. నాకు కోపము వచ్చినది. "పంచాంగముకంటె మీ గోడ గొప్పదా?" యని గద్దించి, గంట కొట్టువఱకు బల్లపై నిలువబెట్టితిని. పిల్లలందఱును నవ్విరి. ఆ బాలుడు మఱి నా తరగతిలో నెన్నడును ప్రశ్న యడుగలేదు.

కళాశాలలో ప్రతి విద్యార్థియు నొక పరిశీలన చేయవలెనని నియమము. నేను నీడను కొలుచుటకు పూనుకొంటిని. నాలుగడుగుల వెదురుకఱ్ఱను, తాపీవాని తూకపుగుండుతో నిటారుగా నుండునట్లు సరిచూచి, మా పెరటిలో పాతితిని. గడియారముతో పనిలేదు, దినమున నీడ యెప్పుడు మిక్కిలి పొట్టియగునో అదియే మధ్యాహ్నము. ఆ నీడ పొడవును ప్రతిదినము వ్రాసికొంటిని. నవంబరు 28 నాడు ముప్పదియేడుంబాతిక యంగుళములు. డిసెంబరు మూడవ వారమునకు నలువది యంగుళములు. అటుపై పది పండ్రెండు దినములు నీడ పెరిగినట్లును లేదు, తఱిగినట్లును లేదు. మరల దలచినవాడు ఒక క్షణము నిలిచినట్లే. పిమ్మట తగ్గసాగినది. జనవరి 14, సంక్రాంతినాడు, ముంగిట ముగ్గుల నడుమ వంగి కొలిచితిని. ముప్పదియేడుంబాతిక! నవంబరు 28 నాటి నీడయే. ఆ రెండు దినములకు నడుమ 47 దినములు. వానికి సరిగా మధ్యనున్నది డిసెంబరు 21. సూర్యుడు మరలినది ఆనాడు. సంక్రాంతి వచ్చుసరికి నీడ అప్పుడే మూడంగుళములు తగ్గియున్నది. బాలుని గోడ నిజము చెప్పినది, పండితుడు చెప్పలేదు.

అట్లైన మన శాస్త్రము తప్పా? నేను ఇంటికి పోయి బృహత్సంహితను తెఱచితిని. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు ఆదిత్యచారాధ్యాయమున నేమనెను? పూర్వము ధనిష్ఠాదియందు ఉత్తరాయణ మారంభమగుచుండెనని పూర్వశాస్త్రములలో నున్నది, ఇప్పుడు మకరాదియందగుచున్నది, భేదము కలిగినచో ప్రత్యక్ష పరీక్షచే తెలిసికొనవలెను. ఉదయాస్తమయములలో దూరపు గుఱుతులతో సూర్యుని పోల్చియు, పెద్ద వృత్తమున నీడ ప్రవేశించు నిర్గమించు స్థానములను గుర్తించియు చూడవలెనని ఉపాయమును కూడ చెప్పెను. ఈ శ్లోకములు నాకు చిన్ననాటినుండి కంఠస్థములు. నలువదియేండ్లు వల్లించితిని, ఒక్కనాడును కఱ్ఱ పాతలేదు. తప్పు శాస్త్రమునందు లేదు, శాస్త్రము చేయుమన్న పనిని చేయని నాయందున్నది.

భేదమునకు కారణము సులభముగా తెలియును. తిరుగుచున్న బొంగరపు తల మెల్లగా వలయము చుట్టునట్లు, భూమి యిరుసు కూడ, సూర్యచంద్రుల ఆకర్షణచే, సుమారు 26,000 సంవత్సరముల కొకసారి వలయము చుట్టును. అందుచే అయనబిందువు నక్షత్రముల నడుమ 72 ఏండ్లకు దాదాపు ఒక డిగ్రీ వెనుకకు జరుగును. ధ్రువుని స్థానము కూడ శాశ్వతము కాదు. సుమారు 12,000 ఏండ్లకు అభిజిత్తు ధ్రువస్థానమునకు చేరువ యగును. సుమారు పదునేడు వందల యేండ్ల క్రిందట మకర సంక్రాంతియు, ఉత్తరాయణారంభమును కలిసియుండెను. నేడు వాని నడుమ ఇంచుమించు 24 దినములున్నవి. మేఘనాథ సాహా అధ్యక్షతను 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ విషయమును విచారించి 1955లో నివేదిక నిచ్చెను. 1957 మార్చి 22 నుండి అమలునకు వచ్చిన జాతీయ పంచాంగమున పుష్యము మొదటి దినము డిసెంబరు 22 గా నున్నది.

అందుచే సంక్రాంతిని మానుకొనవలెనని నేననుట లేదు. నిరయన గణనచే సూర్యుడు మకరరాశిని ప్రవేశించుట నిజము. ధాన్యము ఇల్లు చేరుట నిజము. అల్లుళ్లు వచ్చుట నిజము. ఆనాడే సూర్యుడు మరలునని పిల్లలకు చెప్పుట మాత్రము నేడు నిజము కాదు.

పండుగ మఱునాడు నా కొలతల కాగితమును తీసికొని ఆ బాలుని యింటికి పోయితిని. అతడిప్పుడు మా యూరనే వ్యవసాయము చేసికొనుచున్నాడు. బడికి పోవు కూతురున్నది. కాగితము చూపి, "ఆనాడు నీవు చెప్పినదే నిజము, నాయనా" అంటిని. అతడు తలవంచుకొని, "ఎప్పటి మాట మాస్టరుగారూ, నేనెన్నడో మఱచితిని" అనెను. మఱచినవాని కన్నులు అట్లు చెమర్చవు. ప్రక్కన నిలిచిన ఆ పిల్ల, "తాతగారూ, మఱి అప్పుడు మా నాన్నను బల్లమీద ఎందుకు నిలబెట్టితిరి?" అని యడిగినది. "తెలియకపోయినను తెలియుననుకొంటిని, తల్లీ" యని చెప్పితిని. నా ఉద్యోగ కాలమంతటిలో నేను చెప్పిన సరియైన సమాధానములలో అదియొకటి యని తలంచుచున్నాను.

పెద్దలారా! మీ దేవాలయపు ఆవరణలోనో, బడి ముంగిటనో ఒక కఱ్ఱను నిటారుగా పాతుడు. ఊరి పిల్లలను పిలిచి మధ్యాహ్నపు నీడను కొలిపింపుడు. ఖర్చు లేదు, యంత్రము లేదు. పిల్లవాడెవడైన మీ మాటకు విరుద్ధముగా నీడను చూపించినచో కోపింపకుడు. వానితోపాటు మీరును వంగి కొలువుడు.