సెట్‌లో తీసిన ఫోటో ఎవరిది?

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ తగాదాలను టీవీలో తీర్చే కార్యక్రమాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. జీ తెలుగులో 'బతుకు జట్కాబండి'ని సుమలత, జీవిత నడిపారు. మన నగరి నుంచి 2014లో, 2019లో శాసనసభకు ఎన్నికైన రోజా జెమినిలో 'రచ్చబండ' నడిపారు. తమిళంలో ఇలాంటిదే 'సొల్వదెల్లాం ఉణ్మై'. దాన్ని 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి తాత్కాలికంగా నిలిపివేసింది. యాంకర్ల మీద, వాళ్ళ తీర్పుల మీద మన విమర్శ మనకుంది. ఇవాళ నేను ఆ సెట్‌లో ఓ మూల నిలబడే మనిషి గురించి చెప్తాను. స్టిల్ ఫోటోగ్రాఫర్ గురించి.

ఇలాంటి ఒక కార్యక్రమానికి (పేరు వద్దు) కొంతకాలం స్టిల్స్ తీసిన అమ్మాయి నాకు పరిచయం. ఇక్కడ పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తూ పని నేర్చుకుని హైదరాబాదు వెళ్ళింది. రోజు కూలి. షట్టర్ చప్పుడు మైకులో పడకూడదు, తన నీడ వీడియోలో పడకూడదు. ప్రచారానికి రెండు ఫోటోలు మాత్రం కచ్చితంగా కావాలి. ఆమె ఏడుస్తున్నది ఒకటి, చివర రాజీపడి మొగుడి పక్కన నిలబడింది ఒకటి. "ఏడుపు ఫోటో సరిగా రాలేదంటే నన్ను అరుస్తా ఉన్నిరక్కా, ఏడిపించే పని నాదైనట్టు" అంది.

లైటు చూసుకోవడానికి ముందుగా ఒకటి తీసేదట. ఒకరోజు మన వైపు నుంచి వచ్చిన నడివయసు ఆవిడ దాన్ని కెమెరా వెనక చూసి, "ఇది బాగుండాది పాపా, నాకొకటి ఇస్తావా? పెళ్ళిలో తీసింది తప్ప నాకు ఫోటోనే లేదు" అని అడిగింది. ఈ అమ్మాయి ఇవ్వలేకపోయింది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళదే ఫోటో. తీసినామెది కాదు. అందులో ఉన్నామెది అసలే కాదు. ఆవిడకు దక్కని ముఖం పోస్టరుగా ఊరికి ముందే చేరింది.

1955 హిందూ వివాహ చట్టం 22వ సెక్షను ప్రకారం విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలి, దాని సంగతులు ప్రచురించకూడదు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద ఇద్దరిలో ఒకరు కోరినా తలుపులు మూయాలి. ఈ చట్టాలు ఎంతో కొంత మన సిగ్గూ భయమూ తెలుసుకుని రాసినవే. కానీ సెట్టు కోర్టు కాదు. అక్కడున్నది ఒక కాయితం, ఒక సంతకం. ఆ కాయితం ఆవిడకు ఎవరూ చదివి వినిపించలేదని ఈ అమ్మాయి చెప్పింది.

మరి ఎందుకు వెళ్తారు అని అడగడం తేలిక. స్టేషన్‌లో 'సర్దుకుపోమ్మా' అంటారు, కోర్టులో వాయిదా మీద వాయిదా. టీవీ వాళ్ళు కూర్చోబెట్టి 'చెప్పమ్మా' అంటారు. మన ఆఫీసుకు వచ్చినామెను మనం ఎంతసేపు చెప్పనిచ్చాం?

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, గట్టిగా చదివి వినిపించాలి. స్టిల్ ఫోటోలకు విడిగా ఒప్పుకోలు తీసుకోవాలి. తర్వాత మనసు మారితే తీసేయమనే హక్కు ఆమెకుండాలి, ఒక కాపీ ఆమె చేతికివ్వాలి. ఇది ఛానెళ్ళను అడిగేముందు మన వార్షిక నివేదికల అట్టలు ఓసారి తిరగేయండి. దెబ్బలు తిన్న ముఖాలు, కొంగు నోట్లో కుక్కుకున్న ముఖాలు. వాళ్ళలో ఎవరిని అడిగాం?

నన్నూ ఇందులో కలుపుకునే అంటున్నాను. పీహెచ్‌డీ కోసం కుప్పం వైపు పల్లెల్లో తీసిన ఫోటోలు రెండు కవర్ల నిండా నా బీరువాలో ఉన్నాయి. ఒక్కరికీ ఒక్కటీ ఇవ్వలేదు. వచ్చే నెల వాటిని తీసుకుని ఆ ఊళ్ళకు వెళ్తున్నాను. కొందరు బతికి ఉండకపోవచ్చు. వాళ్ళ కూతుళ్ళనైనా అడగాలి.