వెనక వరుసలో పాప

 

పగలంతా కష్టపడి వచ్చినారు. కొందరు మరమగ్గాల కాడ నుంచి నేరుగా వచ్చినారు. కొంగుకు ఇంకా నూలు పోగులు అంటుకునే ఉండాయి. అందుకే ఎక్కువసేపు మాట్లాడను. ఒక పాప సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచను.

నేను టీచరు ట్రైనింగు చదివాను. మన నగరి పక్కన ఒక చిన్న బడిలో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్నాను. పోయిన ఏడాది రెండో తరగతిలో ఒక పాప చేరింది. ఏడేళ్లు ఉంటాయి. నేత పనివాళ్ల బిడ్డ. పిలిస్తే పలకదు. అడిగితే చెప్పదు. ఊరికే నా మొహం చూస్తా ఉంటుంది. మొండి పిల్ల అనుకున్నాను. వెనక వరుసలో కూర్చోబెట్టాను. రెండు నెలలు అట్లాగే గడిచిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పిల్లవాడి చేతిలోని స్టీలు తట్ట బండ మీద పడింది. ఖంగుమని మోగింది. పిల్లలంతా ఉలిక్కిపడి తిరిగి చూశారు. ఆ పాప మాత్రం తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటా ఉంది. అప్పుడు నాకు తెలిసింది. పాప మొండిది కాదు. పాపకు వినపడదు.

ఆ సంగతి ఊరంతా పాకింది. ఒక తల్లి వచ్చి, "మా వాడు ఆ పిల్ల పక్కన కూర్చుంటే వాడికీ మాటలు రాకుండా పోతాయి టీచరమ్మా" అంది. ఇంకొకామె, "ఆ ఒక్క బిడ్డ కోసం అందరి చదువూ వెనకబడాల్నా?" అంది. ఆ మాటలు పాప తల్లి చెవిన పడ్డాయి. మరునాటి నుంచి పాప బడికి రాలేదు.

నేను వాళ్లింటికి పోయాను. మగ్గం చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడటం లేదు. పాప మగ్గం పక్కనే కూర్చొని కండెలు అందిస్తా ఉంది. నేను తల్లిని అడిగాను.

"బిడ్డను ఇంత చప్పుడులో కూర్చోబెట్టినావు, ఏందక్కా?"

ఆమె నా మొహం చూడకుండా అంది: "దానికేం ఇబ్బంది లేదులే టీచరమ్మా. దానికి వినపడదు గదా!"

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్ర పోనీలేదు.

తర్వాత బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టాము. అందరూ తలా ఒక మాట అన్నారు. చివరికి మీలాగే రాత్రి బడిలో చదువుకున్న ఒక పెద్దమ్మ లేచింది. ఆమె అంది:

"నేను యాభై ఏళ్లు వేలిముద్ర వేసినాను. అందరూ నన్ను మొద్దు అన్నారు. నేను మొద్దు కాదు. నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినారు, సంతకం పెడతా ఉండాను. ఆ బిడ్డకు కూడా ఎవరో ఒకరు చెప్పాల గదా!"

ఇక ఎవరూ నోరెత్తలేదు. ఆ పెద్దమ్మే మరునాడు పాప ఇంటికి పోయి, తల దువ్వి, జడ వేసి, చెయ్యి పట్టుకొని బడికి తీసుకొచ్చింది.

నేను కూడా మారాను. పాపను ముందు వరుసలో కూర్చోబెట్టాను. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశాను. పాప నా పెదవులు చూడగలిగేట్టు నిలబడి, నిదానంగా చెబుతాను. బొమ్మ గీసి, పక్కన మాట రాస్తాను. దీనివల్ల మిగతా పిల్లల చదువు వెనకబడలేదు. వాళ్లకు కూడా పాఠం ఇంకా బాగా అర్థమవుతోంది.

అక్కలారా! వినపడకపోవడం అంటురోగం కాదు. పక్కన కూర్చుంటే రాదు. కలిసి తింటే రాదు. మీ ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే గమనించండి. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తోందా? ఈడుకు తగిన మాటలు వస్తున్నాయా? చెవిలో చీము కారుతోందా? అనుమానం వస్తే చెవిలో నూనె పోయకండి. పసరు పోయకండి. ఆసుపత్రికి తీసుకుపోండి. ఎంత తొందరగా చూపిస్తే అంత మేలు.

చట్టం కూడా మన పక్కన ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పాలి. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా పంపకూడదు. బిడ్డను కొట్టకూడదు, కించపరచకూడదు. 8వ తరగతి పూర్తయ్యే దాకా బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చే దాకా ఉచిత చదువు హక్కు ఉంది. సదరం సర్టిఫికెట్టు ఇందుకు అవసరం. ఇట్లాంటి పిల్లలకు సాయం చేసేందుకు మన రాష్ట్రంలో భవిత కేంద్రాలు ఉన్నాయి. మా పాపను అక్కడికి తీసుకుపోయేదానికి ఊరి ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. తల్లికి కూలి పోకూడదు గదా!

బడి కమిటీలో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలని ఆ 2009 చట్టం చెప్పింది. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాబట్టి మీటింగుకు మీరు పోండి. తీర్మానం చదివిన తర్వాతే సంతకం పెట్టండి.

ఇంకొక మాట. మనది సరిహద్దు ఊరు. ఒకప్పుడు తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు మన బళ్లలో ఉన్నారు. తెలుగు సరిగ్గా పలకలేదని వాళ్లను ఎగతాళి చేయవద్దని మీ పిల్లలకు చెప్పండి.

బడిలో అన్నం కూడా అందరికీ ఒకటే. మన రాష్ట్రంలో ఆ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆమె గోదావరి లంకల్లో ఆకలితో వచ్చిన వాళ్లకు వేళ చూడకుండా వండి పెట్టిన తల్లి. ఆమె పేరున వడ్డించే అన్నం దగ్గర ఎవరు వండారు, ఎవరి పక్కన కూర్చున్నాం అనే మాట రాకూడదు.

అంతా బాగైపోయిందని నేను చెప్పను. పాపకు చెవి మిషను వచ్చింది. అయినా అన్ని మాటలూ వినపడవు. ఒక తల్లి ఇంకా తన కొడుకును పాప పక్కన కూర్చోనివ్వడం లేదు. ఆమెతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాము.

మొన్న పాప పలక తెచ్చి నాకు చూపించింది. తన పేరు రాసింది. దాని కింద వాళ్లమ్మ పేరు రాసింది. సాయంత్రం తల్లికి ఆ పలక ఇచ్చాను. ఆమె కూడా ఈ మధ్యనే అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి, కూడబలుక్కొని చదివింది.

"ఇది నా పేరే గదా, టీచరమ్మా!" అంది.

అక్కలారా! రేపు పొద్దున మీ వీధిలో బడికి పోని బిడ్డ ఎవరో చూడండి. ఆ ఇంటి తలుపు తట్టండి. బిడ్డ చెయ్యి పట్టుకొని బడికి తీసుకురండి. ముందు వరుసలో చోటు ఉంచుతాను.

సెలవు.